పొలమారడం లేదంటే.. బాగున్నట్టేనా?

పార్కిన్సన్స్‌లో చేతుల వణుకు అందరికీ కనిపిస్తుంది. గుటకలో వచ్చే తేడా మాత్రం రోగికీ తెలియకుండా ఉండిపోతుంది. గొట్టాలు, ఎక్స్‌రేలు లేకుండానే దాన్ని ముందుగా పసిగట్టే తేలికైన పద్ధతులున్నాయి. వాటిని వాడుకోవడంలోనే మనం వెనకబడ్డాం.

పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నవ్వుకుంటాం. నెత్తి మీద నాలుగు తట్టి, అంతటితో ఆ సంగతి మరచిపోతాం. నిజానికి పొలమారడం ఒంటికి ఉన్న మంచి కాపలా. దారి తప్పిన మెతుకునో, నీటి చుక్కనో దగ్గుతో బయటికి నెట్టేసే ఏర్పాటు అది. పార్కిన్సన్స్ ఉన్న చాలామందిలో ఈ కాపలా మెల్లగా మందగిస్తుంది. తిన్నది శ్వాసనాళం వైపు జారినా దగ్గు రాదు. దాంతో ‘మింగడంలో ఇబ్బందేమీ లేదు’ అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. తీరా జ్వరం, ఆయాసంతో ఆసుపత్రికి తీసుకెళితే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందంటారు. పార్కిన్సన్స్ ముదిరినవారిలో మరణాలకు ముఖ్య కారణాల్లో ఈ నిమ్ము ముందు వరసలో ఉంటుంది.

మెడకు అతికించే సెన్సర్లు, గొంతు చప్పుడును విని చెప్పే కృత్రిమ మేధ గురించి ఈమధ్య తరచూ వింటున్నాం. గొట్టం వేయకుండానే మింగుడు సమస్యను పట్టేస్తాయని అంటున్నారు. వీటిలో నిజమెంత? మన ఇంట్లోని పెద్దవాళ్లకు ఇప్పటికిప్పుడు పనికొచ్చేవి ఏవి? ఒక్కొక్కటిగా చూద్దాం.

వణుకు కనిపిస్తుంది.. గుటక కనిపించదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికి ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా పార్కిన్సన్స్‌తో జీవిస్తున్నారు. పాతికేళ్లలో ఈ సంఖ్య రెట్టింపయింది. ఆయుష్షు పెరుగుతున్న కొద్దీ మన దగ్గరా ఈ సమస్య పెరుగుతుంది. ఇది ఒక్క చేతుల వణుకుకో, నడక మందగించడానికో పరిమితమైన జబ్బు కాదు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు దీన్ని తొలిసారి వివరంగా రాసినప్పుడే నోట్లోంచి లాలాజలం కారడం, మింగడం కష్టమవడం గురించీ చెప్పారు. రెండు వందల ఏళ్లు దాటినా మన దృష్టి మాత్రం వణుకు మీదే ఉంది.

మింగడమంటే మనకు లెక్కలోకి రాని పని. కానీ ఒక్క గుటకలో నాలుక, దవడ, గొంతు, స్వరపేటికకు చెందిన పాతిక, ముప్పై కండరాలు వరస తప్పకుండా కదలాలి. ముద్ద గొంతులోకి జారే సరికి శ్వాసనాళం మూసుకోవాలి. ఇదంతా ఒకట్రెండు సెకన్లలో జరిగిపోవాలి. పార్కిన్సన్స్‌లో అడుగు తీసి అడుగు వేయడం ఎలా ఆలస్యమవుతుందో, గుటక మొదలవడమూ అలాగే ఆలస్యమవుతుంది. కొందరిలో నాలుక ముద్దను వెనక్కి నెట్టలేక ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతుంది. గొంతులో కొంత పదార్థం మిగిలిపోతుంది. అది తర్వాత నెమ్మదిగా శ్వాసనాళంలోకి జారొచ్చు.

చొంగ కారడాన్నీ ఈ కోణంలోనే చూడాలి. లాలాజలం ఎక్కువగా ఊరుతోందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం వేరు. ఊరిన లాలాజలాన్ని మనం తెలియకుండానే ఎప్పటికప్పుడు మింగేస్తుంటాం. పార్కిన్సన్స్‌లో ఆ గుటకలు తగ్గిపోవడంతో అది నోట్లో నిలిచి బయటికి కారుతుంది. దిండు తడుస్తోందంటే మింగడం గురించి ఆలోచించాల్సిన సమయం వచ్చిందన్నమాట.

చెప్పేవారు 35.. పరీక్షిస్తే 82

ఈ సమస్యలో అసలు చిక్కును రెండు అంకెలు చెబుతాయి. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ నెదర్లాండ్స్ పరిశోధకులు 2012లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ‘మింగడం కష్టంగా ఉందా?’ అని అడిగితే అవునన్న పార్కిన్సన్స్ రోగులు సుమారు 35 శాతం. పరీక్ష చేసి చూస్తే ఏదో ఒక తేడా ఉన్నవారు సుమారు 82 శాతం. అంటే ఇబ్బంది ఉన్నవారిలో సగానికి పైగా ఆ సంగతి చెప్పడం లేదు. వాళ్లు దాస్తున్నారని కాదు, వాళ్లకే తెలియడం లేదు. మార్పు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది. దానికి తగ్గట్టు వాళ్లూ ముద్ద చిన్నది చేసుకుంటారు. వేరుశనగలు, అప్పడాలు మానేస్తారు. చపాతీ బదులు పెరుగన్నం అడుగుతారు. ‘వయసైంది కదా’ అని సరిపెట్టుకుంటారు. పైగా గొంతులోని స్పర్శ కూడా మొద్దుబారుతుంది.

కాబట్టి రోగి చెబితే చూద్దామన్న పద్ధతి ఇక్కడ పనిచేయదు. చెప్పకపోయినా చూడాలి. గొట్టాలు, ఎక్స్‌రేలు అక్కర్లేని పరీక్షల విలువంతా ఇందులోనే ఉంది.

ప్రామాణిక పరీక్షలు రెండు

మింగడాన్ని కచ్చితంగా చూపే పరీక్షలు ప్రధానంగా రెండు. ఒకటి వీడియో ఫ్లోరోస్కోపీ. బేరియం కలిపిన ద్రవాన్నో, ముద్దనో తినిపించి, అది గొంతులో ఎటు వెళుతోందో కదిలే ఎక్స్‌రేలో చూస్తారు. రెండోది ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం వేసి, మింగుతున్నప్పుడు గొంతును పైనుంచి గమనించే పరీక్ష. దీన్ని 1988లో అమెరికాలో సుసాన్ లాంగ్‌మోర్ బృందం వెలుగులోకి తెచ్చింది. దగ్గు రాకుండానే ఆహారం పక్కదారి పడుతున్న సంగతిని కళ్లారా చూపేవి ఈ రెండే.

అయితే వీటికి పరిమితులున్నాయి. మొదటిదానిలో కొంత రేడియేషన్ ఉంటుంది. రెండోది ప్రమాదకరం కాకపోయినా ముక్కులో గొట్టమంటే పెద్దవాళ్లు జంకుతారు. రెండింటికీ ప్రత్యేక పరికరాలు, శిక్షణ పొందిన స్పీచ్ థెరపిస్టు ఉండాలి. ఇవి ఎక్కువగా పెద్ద నగరాల్లోని పెద్ద ఆసుపత్రుల్లోనే దొరుకుతాయి. లేచి నిలబడటానికే సాయం కావాల్సిన మనిషిని ప్రతి ఆరు నెలలకూ వాటికోసం నగరానికి తిప్పడం అయ్యే పని కాదు. అందుకే ముందొక వడపోత కావాలి.

గొట్టాలు లేకుండా ఏం తెలుస్తుంది?

ప్రశ్నావళి: అన్నిటికంటే చవకైన పరికరం ఒక కాగితం. పార్కిన్సన్స్ రోగుల కోసమే ఇజ్రాయెల్ వైద్యులు 2007లో 15 ప్రశ్నల పట్టికను తయారుచేశారు. జర్మనీలోని మ్యూనిక్‌లో ఇంకా వివరమైన ప్రశ్నావళి వచ్చింది. మింగుడు సమస్య ఏదైనా వాడదగ్గ ‘ఈట్-10’ అనే పది ప్రశ్నల పట్టికలో ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులుంటాయి. మొత్తం 3 లేదా అంతకంటే ఎక్కువైతే తదుపరి పరీక్ష అవసరమని అర్థం. సూటిగా ‘మింగడం కష్టమా’ అని కాకుండా, మాత్రలు మింగడానికి కష్టపడుతున్నారా, బరువు తగ్గారా, తినడంలో ఆనందం తగ్గిందా అని విడివిడిగా అడగడంలోనే వీటి బలముంది. మన దగ్గర అడిగేటప్పుడు చారన్నం, అటుకులు, మరమరాలు, ఇడ్లీ లాంటి మన తిండి పేర్లతో అడిగితే జవాబు సూటిగా వస్తుంది.

నీళ్ల పరీక్ష: సుమారు 90 మి.లీ. నీళ్లను ఆపకుండా తాగమంటారు. మధ్యలో ఆగినా, దగ్గినా, తాగాక గొంతు తడిగా గరగరలాడినా అనుమానించాలి. దీన్ని 1992లో పక్షవాతం వచ్చినవారి కోసం రూపొందించారు. మరో పద్ధతిలో నీళ్లు తాగడానికి పట్టిన సమయాన్నీ, వేసిన గుటకలనూ లెక్కపెడతారు. ఆరోగ్యవంతులు 20 మి.లీ. నీటిని ఒకే గుటకలో మింగగలరు. అంతకంటే తక్కువ నీటికే రెండు మూడు గుటకలు వేయాల్సి వస్తే నాడీ సంబంధమైన మింగుడు సమస్య ఉన్నట్టు భావించవచ్చని టర్కీ వైద్యులు మెడపై ఎలక్ట్రోడ్లు పెట్టి చూసి చెప్పారు.

ఉత్తి గుటకలు: మెడ ముందున్న స్వరపేటిక మీద వేలు ఆనించి, 30 సెకన్లలో వీలైనన్ని సార్లు లాలాజలం మింగమంటారు. మూడుకంటే తక్కువైతే అనుమానించాలి. జపాన్‌లో పుట్టిన ఈ పరీక్షకు గడియారం తప్ప మరేమీ అక్కర్లేదు.

దగ్గు బలం: ఆస్థమా రోగులు ఊదే పీక్ ఫ్లో మీటరు లాంటి పరికరంలోకి గట్టిగా దగ్గమంటారు. దగ్గు బలహీనంగా ఉంటే, పక్కదారి పట్టిన ఆహారాన్ని బయటికి నెట్టే శక్తీ తక్కువేనని అర్థం. పార్కిన్సన్స్‌లో దగ్గు బలానికీ, మింగడంలో ప్రమాదానికీ సంబంధముందని అమెరికాలోని ఫ్లోరిడా పరిశోధకులు చూపారు.

ఇవన్నీ కలిపినా ఇరవై నిమిషాలు మించవు. అయితే నీళ్ల పరీక్షను ఇంట్లో సొంతంగా చేయొద్దు. ఇప్పటికే ఇబ్బంది ఉన్న మనిషికి గ్లాసు నీళ్లు గబగబా పట్టించడం ప్రమాదం. స్పీచ్ థెరపిస్టో, శిక్షణ ఉన్న నర్సో ఎదురుగా ఉండి చేయాల్సిన పరీక్ష అది.

వడపోతే.. తీర్పు కాదు

ఇన్ని సులువైన పరీక్షలుంటే ఇక కెమెరా, ఎక్స్‌రే ఎందుకనే సందేహం రావచ్చు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. 90 మి.లీ. నీళ్ల పరీక్షను రకరకాల జబ్బులున్న 3,000 మందిలో కెమెరా పరీక్షతో పోల్చిన అమెరికా అధ్యయనం 2008లో వచ్చింది. నీళ్లు నిజంగా పక్కదారి పడుతున్నవారిలో 96 శాతానికి పైగా మందిని ఇది పట్టుకుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఏ ప్రమాదమూ లేనివారిలోనూ సగం మందికి పైగా ఇందులో తప్పారు. అంటే ఈ ఒక్క పరీక్షనే నమ్మి నోటి ద్వారా తిండి ఆపేస్తే, హాయిగా తినగలిగే ఎంతోమందికి ముక్కు గొట్టమే గతి అవుతుంది.

రెండోవైపు పొరపాటూ ఉంది. ఈ పరీక్షలన్నీ దగ్గునో, గొంతు మార్పునో చూసి చెప్పేవి. పార్కిన్సన్స్‌లో చప్పుడు లేకుండా పక్కదారి పట్టే వారిలో కొందరు వీటిని దాటేస్తారు. అందుకే ఒక్క పరీక్షలో బాగుందని తేలినా, బరువు తగ్గుతున్నా, నిమ్ము మళ్లీ మళ్లీ వస్తున్నా కెమెరా పరీక్షో, వీడియో ఎక్స్‌రేనో తప్పదు.

ఎక్స్‌రేలో కనిపించినదే చివరిమాట కాదనడానికీ ఒక పాఠముంది. పార్కిన్సన్స్, మతిమరుపు ఉన్న 711 మందిలో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం చేశారు. పల్చటి నీళ్ల బదులు తేనెలా చిక్కగా చేసిన ద్రవం ఇస్తే పక్కదారి పట్టడం ఎక్స్‌రేలో బాగా తగ్గింది. గడ్డం కిందికి వంచి మింగడం కంటే ఇదే మెరుగనిపించింది. కానీ వారిలో 515 మందిని మూడు నెలలు గమనిస్తే నిమ్ము రావడంలో రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా చిక్కటి ద్రవాలు తాగినవారిలో ఒంట్లో నీరు తగ్గడం లాంటి ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. అందుకే ‘నీళ్లు మానేసి అన్నీ చిక్కగా పట్టండి’ అని పక్కింటివారు చెబితే పాటించకండి. ఎవరికి ఏది సరిపోతుందో పరీక్షించి చెప్పాలి.

మెడకు అతికించే పరికరాల మాటేమిటి?

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మెడ మీద చిన్న కదలిక సెన్సరు, మైకు పెట్టి, గుటక వేసినప్పుడు వచ్చే ప్రకంపనలను కంప్యూటరుతో విశ్లేషిస్తున్నారు. అమెరికాలోనే పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు గడ్డం కింద స్టిక్కరులా అతికించి, కండరాల కదలికను నమోదు చేసే పలుచని పరికరాన్ని తయారుచేశారు. తిన్నాక మాట్లాడే గొంతులో వచ్చే తేడాను ఫోనుతో పసిగట్టే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. చర్మం మీదే ఉంటాయి కాబట్టి వీటిని పదేపదే వాడొచ్చు. రోగిని ఇంట్లో ఉంచే గమనించవచ్చు. మందు పనిచేస్తున్నప్పుడు, దాని ప్రభావం తగ్గినప్పుడు గుటక ఎలా మారుతోందో పోల్చవచ్చు. అరగంట ఎక్స్‌రేలో తెలియని సంగతి అది.

అలాగని రేపే కొనాల్సిన వస్తువులు కావివి. ఈ యంత్రాలకు పాఠం చెప్పేది మళ్లీ వీడియో ఎక్స్‌రే, కెమెరా పరీక్షల ఫలితాలే. ఎవరి గొంతుల మీద నేర్చుకున్నాయో వాళ్లకే బాగా పనిచేస్తాయి. మరో దేశంలో, మరో రకం తిండితో నేర్చుకున్న యంత్రం సాంబారన్నం తినే మనిషి గుటకను సరిగ్గా చదువుతుందా అన్నది ఇక్కడ పరీక్షించి తేల్చాలి. అందుకే ప్రకటన చూసి మెడ పట్టీ కొనేముందు మీ న్యూరాలజిస్టును అడగండి.

పక్షవాతానికి ఉన్న పద్ధతి దీనికేది?

మన దగ్గర కొరత పరికరాలది మాత్రమే కాదు, అలవాటుది కూడా. పక్షవాతంతో ఆసుపత్రిలో చేరినవారికి నోటి ద్వారా ఏమైనా ఇచ్చే ముందు మింగగలరో లేదో చూడాలని చికిత్సా మార్గదర్శకాలు చెబుతాయి. మంచి ఆసుపత్రుల్లో నర్సులే ఆ పని చేస్తారు. పార్కిన్సన్స్‌కు అలాంటి ఆనవాయితీ లేదు. పక్షవాతం ఒక్క రోజులో వచ్చిపడే ఆపద. రోగి వార్డులో ఉంటాడు. పార్కిన్సన్స్ నెమ్మదిగా వస్తుంది. రోగి మూడు నెలలకోసారి ఓపీకి వస్తాడు. ఉన్న పది నిమిషాల్లో వణుకు, నడక, మందు మోతాదు మాట్లాడేసరికే సమయం అయిపోతుంది. గుటక గురించి అడిగే మనిషి ఎవరూ ఉండరు.

బ్రిటన్ 2017 నాటి మార్గదర్శకాలు మాట, మింగడం, లాలాజలం సమస్యలున్న పార్కిన్సన్స్ రోగులకు స్పీచ్ థెరపీ అందించాలని, జబ్బు తొలి దశలోనే థెరపిస్టుకు చూపించే విషయం ఆలోచించాలని చెబుతున్నాయి. మన దగ్గర ‘స్పీచ్ థెరపిస్టు’ అంటే మాటలు రాని పిల్లల కోసమేనన్న భావన బలంగా ఉంది. మింగడాన్ని సరిచేయడమూ వాళ్ల చదువులో భాగమేనని చాలామందికి తెలియదు. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వికలాంగుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఏళ్ల నుంచీ ఈ రంగంలో నిపుణులను తయారుచేస్తోంది. ఆ నిపుణులు న్యూరాలజీ ఓపీల్లో కూర్చునే ఏర్పాటు చేయడం ప్రభుత్వాల చేతుల్లో ఉన్న పని. బీపీ, షుగరు చూడటానికి ఇంటింటికీ వస్తున్న ఆరోగ్య కార్యకర్తల చేతికి పార్కిన్సన్స్ ఉన్న ఇళ్లలో అడగాల్సిన పది ప్రశ్నల కాగితం ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ అవదు.

ఇంట్లో గమనించండి

ఈ కింది వాటిలో రెండు మూడు కనిపించినా డాక్టరుకు చెప్పండి:

• భోజనానికి అరగంట దాటి సమయం పట్టడం, ముద్ద చాలాసేపు బుగ్గలోనే ఉండిపోవడం
• తిన్న తర్వాత, తాగిన తర్వాత గొంతు తడిగా గరగరలాడటం
• చారన్నం, పాలల్లో నానిన అటుకుల్లా ద్రవం, మెతుకు కలిసి ఉన్నవి తింటే దగ్గు రావడం
• మాత్రలు గొంతులో అడ్డుపడుతున్నాయనడం
• ఆరు నెలల్లో కారణం లేకుండా బరువు తగ్గడం
• రాత్రిళ్లు దగ్గు, చొంగతో దిండు తడవడం
• జలుబు లేకుండానే మళ్లీ మళ్లీ జ్వరం రావడం

వీలైతే ఒక పూట భోజనాన్ని మీ ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. గదిలో చెప్పలేని విషయాన్ని అది చెబుతుంది.

తెలిస్తే ఏం లాభం?

చాలా ఉంది. నిరోధకత ఉన్న చిన్న పరికరంలోకి గట్టిగా ఊదే వ్యాయామాన్ని నాలుగు వారాలు చేయించినప్పుడు పార్కిన్సన్స్ రోగుల్లో మింగడం సురక్షితమైందని 60 మందితో చేసిన అధ్యయనం 2010లో చూపింది. మందు బాగా పనిచేసే వేళకు భోజనం పెట్టుకుంటే కొందరికి తినడం సులువవుతుంది. నిటారుగా కూర్చోబెట్టడం, టీవీ ఆపేయడం, చిన్న ముద్దలు పెట్టడం, ఒక ముద్ద పూర్తిగా మింగాకే మరోటి ఇవ్వడం, తిన్నాక అరగంట పడుకోనివ్వకపోవడం ఎవరైనా పాటించవచ్చు. రోజుకు రెండుసార్లు పళ్లు, కట్టుడు పళ్లు శుభ్రం చేయడం మరచిపోవద్దు. నోట్లో సూక్ష్మజీవులు తగ్గితే పక్కదారి పట్టిన లాలాజలం చేసే హానీ తగ్గుతుంది.

మాత్రల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గొంతులో నిలిచిపోయిన మాత్ర సమయానికి పనిచేయదు. ‘మందు పట్టడం లేదు’ అనుకునే వారిలో కొందరి అసలు సమస్య ఇదే కావచ్చు. అలాగని కంట్రోల్డ్ రిలీజ్ మాత్రలను నూరి ఇవ్వకూడదు. మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది. మింగలేకపోతున్నారని పార్కిన్సన్స్ మందులను సొంతంగా ఆపడం ఇంకా ప్రమాదం. వాటికి ప్రత్యామ్నాయ రూపాలున్నాయి, డాక్టరునే అడగాలి.

ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు మందుల చీటీతో పాటు ఒక ప్రశ్న కూడా తీసుకెళ్లండి: ‘నాన్నగారి మింగుడు ఎలా ఉందో ఒకసారి పరీక్షిస్తారా?’ పొలమారడం లేదని ఆయన చెప్పినా సరే, అడగండి. ఆ జవాబు కోసం మొదట కావలసింది ఒక కాగితం, ఒక గడియారం, అరగ్లాసు నీళ్లు, చూడటం తెలిసిన ఒక మనిషి. నిమ్ముతో ఐసీయూలో గడిపే పది రోజులతో పోలిస్తే ఇది చాలా చిన్న పని.